కోహీర్‌లో ఫ్లాట్ ఎవరికి?

కోహీర్‌లో అపార్ట్‌మెంట్ అంటే మా జహీరాబాద్‌లో ఇంకా నవ్వుతారు. చుట్టూ జామతోటలు, చెరుకు, అల్లం, ఆలుగడ్డ పండే ఎర్రనేల. ఊరు దాటితే కనుచూపు మేర ఖాళీ జాగానే. ఇంత భూమి పెట్టుకుని ఒకరి నెత్తి మీద ఒకరు కాపురం చేయడమేమిటని ఆ నవ్వు. నేను నవ్వను. సర్కారు బడిలో టీచరుగా నా ఉద్యోగమంతా ఈ మండలంలో, ఈ చుట్టుపక్కల మండలాల్లో గడిచింది. ఇక్కడ అపార్ట్‌మెంట్లు రావాలనే కోరుకుంటాను. అయితే ఇప్పుడు అమ్మజూపుతున్నవాళ్ళు ఎవరిని పిలుస్తున్నారో, నేను కోరుకునేది వాళ్ళ కోసం కాదు.

ముందు అమ్మేవాళ్ళ సంగతి. నా ఫోనుకు వారానికొక ప్రకటనైనా వస్తుంది. మేం చిన్నప్పటి నుంచి బొంబాయి రోడ్డు అని పిలుచుకునే 65వ నంబరు జాతీయ రహదారి వాటిలో 'ముంబై హైవే' అయిపోయింది. కోహీర్ నుంచి హైదరాబాద్ 'గంట దూరం'లోకి వచ్చేసింది. దాదాపు వంద కిలోమీటర్లు, పటాన్‌చెరు దగ్గర సాయంత్రం ఒకసారి ఇరుక్కుని చూస్తే గంటంటే ఏమిటో తెలుస్తుంది. చలికాలం వస్తే రాష్ట్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రత అంటూ పేపర్లో కోహీర్ పేరు తరచూ పడుతుంటుంది కదా, ఆ చలిని కూడా ఒక వసతిగా రాశారు ఒకాయన. పొద్దున్నే చన్నీళ్ళతో అంట్లు తోముకునేవాళ్ళను అడిగి రాయలేదు.

అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది నిమ్జ్ అనే పారిశ్రామిక మండలి. 2011లో కేంద్రం జాతీయ తయారీ విధానం ప్రకటించినప్పటి నుంచి ఆ పేరు వింటున్నాం. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్ళు, 12,635 ఎకరాలు. 2024 ఆగస్టు 28న కేంద్ర క్యాబినెట్ దేశంలో పన్నెండు పారిశ్రామిక నగరాలకు ఒప్పుకుంది. వాటిలో జహీరాబాద్ ఒకటి. మొదట 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు. పరిశ్రమలు రావని నేననను. ఆ మండలాల జాబితాలో కోహీర్ లేదన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించదు. 'నిమ్జ్ పక్కనే' అంటారు. పక్కన ఉండడానికీ, అందులో ఉండడానికీ మధ్య ఎంత బస్సు ప్రయాణం ఉందో కొనేవాడు ఎలాగూ హైదరాబాద్‌లో ఉంటాడు కాబట్టి అడగడు.

మా చెల్లెలి బిడ్డ అడిగింది. తను స్టాఫ్ నర్సు, అల్లుడు హైవే మీద ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇద్దరికీ కోహీర్ చుట్టుపక్కలే పని. "పెద్దమ్మా, రెండు బెడ్రూములు, లిఫ్టు, కార్ పార్కింగు. ముప్ఫై ఆరు లక్షలంటున్నరు. తీసుకుందామా?" అంది. వెంటనే వద్దనలేదు నేను. ఎందుకో చెప్పాలంటే నా అద్దె ఇళ్ళ కథ కొంచెం చెప్పాలి.

డీఎస్సీలో ఉద్యోగమొచ్చి నేను ఈ మండలానికి వచ్చినప్పుడు మా ఆయన సంగారెడ్డిలో పని. ఒంటరి ఆడమనిషిని. పోస్టింగ్ ఇచ్చిన ఊళ్ళో ఇల్లు దొరకలేదు. ఖాళీ అర్రలు లేక కాదు. "మొగుడు రాడా?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. చివరికి కోహీర్‌లో దర్గా వైపు గల్లీలో ఒక ముస్లిం కుటుంబం రెండు గదులిచ్చింది. ఆ ఇంటి పెద్దావిడను ఖాలా అనేదాన్ని. పొద్దున ఆమె నీళ్ళు పట్టిపెట్టేది, సాయంత్రం నేను వాళ్ళ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. అక్కడ నాకు మూడు పూటలా జొన్నరొట్టె అలవాటైంది, దక్కనీ మాట వచ్చేసింది. ఊరు నన్ను తనలో కలుపుకుందని గర్వంగా చెప్పుకునేదాన్ని.

తర్వాత మా బడికి ఒక లెక్కల సారు వచ్చాడు. మంచి మాస్టారు, పిల్లలు బడి వదిలినా వదిలేవాళ్ళు కాదు. ఊళ్ళో ఇల్లడిగితే ముందు సరేనన్నారు. ఆ రాత్రి ఆయన కులం తెలుసుకున్నారు. పొద్దునకు "మా తమ్ముడు పట్నం నుంచి వస్తున్నడు సార్, అర్ర కావాలె" అన్నారు. ఆ తమ్ముడు రానే లేదు. అర్రలో ఉల్లిగడ్డలు పోసుకున్నారు. సారు రోజూ జహీరాబాద్ నుంచి వచ్చిపోయేవాడు. ఆఖరి పీరియడ్ అయ్యీ కాకముందే బస్సు వైపు చూపు. పిల్లలు నష్టపోయారా అంటే పోయారు. మండలంలో ఇంకో ఊళ్ళో ఏఎన్ఎం ముస్లిం అమ్మాయి. పొద్దుమాపు చేతిలో మందుల పెట్టెతో అందరి ఇళ్ళలోకీ వెళ్ళేది, ఉండడానికి మాత్రం ఆ ఊళ్ళో గుమ్మం దొరకలేదు. కూర వాసన వంక చెప్పారు. వీళ్ళను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఇల్లు లేదన్నారు, అంతే.

మాస్టార్లు ఊళ్ళో ఉండరు, డాక్టర్లు ఊళ్ళో ఉండరు, అప్ అండ్ డౌన్ ఉద్యోగులయ్యారు అని పేపర్లలో తరచూ రాస్తుంటారు. ఆ మాటలో నిజముంది. పిల్లల కాన్వెంటు చదువు కోసం పట్నం వదలనివాళ్ళు నా తోటివాళ్ళలో చాలామందే. పల్లెల్లో పనిచేసేవాళ్ళకు మూలవేతనం మీద ఇంటి అద్దె భత్యం 11 శాతం, హైదరాబాద్‌లో 24 శాతం. అక్కడున్నా ఇక్కడున్నా పల్లె భత్యమే వస్తుంది కాబట్టి భత్యానికీ బసకూ సంబంధమే లేకుండా పోయింది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ వచ్చాక నా తోటి టీచరమ్మలకు చార్జీల బాధ కూడా తీరింది. కానీ ఉండాలనుకున్నవాళ్ళకు కూడా ఊరు ఇల్లివ్వలేదన్న సంగతి ఎవరూ రాయరు. మన ఊళ్ళల్లో ఇల్లంటే వాడకట్టు. వాడకట్టంటే కులం. బయటి నుంచి వచ్చిన మనిషి ఏ వాడకట్టులో పడతాడో తేలేదాకా అతనికి చోటుండదు.

అపార్ట్‌మెంట్‌కు వాడకట్టు లేదు. మూడో అంతస్తులో ఎడమవైపు ఇంటివాళ్ళది ఏ కులమో ఎదురింటివాళ్ళకు తెలియకుండా ఏడాది గడిచిపోవచ్చు. పట్నంలో దీన్ని ఒంటరితనమని ఏడుస్తారు. పల్లెలో అదే తెరిపి. ఓనరు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే మరీ మంచిది, అద్దె ఖాతాలో పడితే చాలు, ఏం వండుకున్నావని అడగడు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కూడా కులమడిగి, మాంసం తింటారా అని అడిగి ఇచ్చేవాళ్ళున్నారు, కాదనను. అయినా ఇరవై మంది ఓనర్లున్నచోట ఒకడు కాకపోతే ఒకడు ఇస్తాడు. వాడకట్టులో ఒకడు కాదంటే అందరూ కాదన్నట్టే.

అందుకే కోహీర్‌లో అపార్ట్‌మెంట్ రావాలంటాను. బడిలో, దవాఖానాలో, బ్యాంకులో, ఫ్యాక్టరీలో పనిచేయడానికి వచ్చే మనుషులకు, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళకు, ఊరు చోటివ్వని కులాలవాళ్ళకు, మతంవాళ్ళకు అది కావాలి. కోహీర్ పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. రేపు ఆఫీసులు పెరుగుతాయి, వచ్చే మనుషులు పెరుగుతారు.

వీళ్ళలో ఎవరికీ ఇక్కడ ఇల్లు కొనే పని లేదు. టీచరు బదిలీ అవుతాడు. నర్సు బదిలీ అవుతుంది. ఫ్యాక్టరీలో చాలామందివి కాంట్రాక్టు కొలువులు. వాళ్ళకు కావలసింది అద్దె ఇల్లు. అమ్ముతున్నవాళ్ళు మాత్రం అద్దె అన్న మాటనే ఎత్తరు. పెట్టుబడి అంటారు, ఐదేళ్ళలో రెట్టింపంటారు. హైదరాబాద్‌లో రెండు ఇళ్ళున్నవాడికి మూడోది అంటగడతారు.

పల్లెలో ఫ్లాటు ధర రెట్టింపు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. బిల్డింగు పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, పెరిగేది కింద ఉన్న భూమి. ఫ్లాటు కొన్నవాడికి ఆ భూమిలో రిజిస్టరయ్యేది విడదీయని వాటా, ముప్ఫయ్యో నలభయ్యో గజాలు. మా బిడ్డకు చూపిన కాగితంలో ముప్ఫై రెండు గజాలుంది. ఆ రోడ్డు మీదే ఆ డబ్బుతో జాగా కొని, చుట్టూ గోడ పెట్టి, చిన్న ఇల్లు కట్టుకోవచ్చు. హైదరాబాద్‌లో ఫ్లాటుకు అర్థముంది, అక్కడ జాగా కొనలేం కాబట్టి. కోహీర్‌లో భూమే చవక, దాని మీద పోసే సిమెంటు, ఇనుము మాత్రం హైదరాబాద్ ధరే. అంటే చవకైన సరుకు తక్కువగా, ఖరీదైన సరుకు ఎక్కువగా కొంటున్నామన్నమాట. బేరం తెలిసిన రైతు ఎవరూ చేయని పని.

పెట్టుబడి కోసం పల్లెలో కట్టిన ఫ్లాట్లు ఏమవుతాయో ఒక ఊరు చూపించింది. జపాన్‌లో నీగాతా ప్రాంతంలో యుజావా అనే చిన్న ఊరుంది. మంచుకొండల నడుమ పల్లె. 1982లో టోక్యో వైపు నుంచి బుల్లెట్ రైలు అక్కడ ఆగడం మొదలయ్యాక బిల్డర్లు వరసపెట్టి వచ్చారు. 1980ల చివర్లో భూముల ధరలు పిచ్చిగా పెరుగుతున్న రోజుల్లో ఆ ఊళ్ళో సుమారు పదిహేను వేల ఫ్లాట్లు లేచాయి. కొన్నవాళ్ళు టోక్యోవాళ్ళు, శీతాకాలంలో నాలుగు రోజులు మంచు మీద జారడానికి వచ్చి పోయేవాళ్ళు. తర్వాత బుడగ పగిలింది. ఇప్పుడు వాటిలో కొన్ని లక్ష యెన్లకు, మన డబ్బుల్లో అరవై వేలకు అటూ ఇటూగా అమ్మకానికి పెట్టినా కదలవు. ఎందుకంటే ఆ ఫ్లాటు ఓనరుగా ఉన్నంతకాలం నెలనెలా మెయింటెనెన్స్ కట్టాలి, పన్ను కట్టాలి. ఇల్లు తాళం వేసి ఉన్నా బిల్లు ఆగదు. చివరికి దాన్ని ఎవరికైనా వదిలించుకోవడమే లాభం అనే స్థితికొచ్చారు. డబ్బున్న దేశం, రైలు నిజంగా గంటన్నరలోపు చేర్చే ఊరు, నిర్మాణంలో లోపం లేదు. అక్కడ లేనిదల్లా రాత్రిపూట దీపం వెలిగించే కుటుంబం.

జపాన్ దాకా ఎందుకు, మా జిల్లాలోనే కొల్లూరు ఉంది. రామచంద్రాపురం మండలంలో 2023 జూన్‌లో ప్రారంభమైన డబుల్ బెడ్రూం ఇళ్ళు 15,660. ఆసియాలోనే పెద్దదన్నారు. అవి ఉచితంగా వచ్చిన ఇళ్ళు, అయినా పాత బస్తీ నుంచో ఇంకో బస్తీ నుంచో పని వదులుకుని రాలేక తాళాలు వేసుకున్న కుటుంబాలు చాలా. ఇళ్ళలో పని చేసుకునే ఆమెకు పని ఇచ్చే ఇళ్ళు అక్కడెక్కడున్నాయి? అక్కడికీ కొల్లూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. కోహీర్ దానికి ఇంకా ఎంతో అవతల.

ఇప్పుడు మా ఊరి బిల్డింగు లెక్క చూడండి. ఇరవై ఫ్లాట్లు, తలా పదిహేను వందల మెయింటెనెన్స్ అనుకుంటే నెలకు ముప్ఫై వేలు. అందులోనే వాచ్‌మన్ జీతం, లిఫ్టు కాంట్రాక్టు, మోటారు కరెంటు, మెట్ల దీపాలు, డీజిలు. ఇరవైలో ఆరు కుటుంబాలే కాపురముంటే? చట్టం ప్రకారం మిగతా పద్నాలుగు మందీ కట్టాల్సిందే. కూకట్‌పల్లిలోనో, డాలస్‌లోనో ఉన్నవాడి దగ్గరికి ఎవరెళ్ళి అడుగుతారు? మూడు నెలలు వాట్సప్‌లో గుర్తుచేస్తారు, తర్వాత గ్రూపులోంచి వెళ్ళిపోతాడు. ఆరుగురు కట్టే తొమ్మిది వేలల్లో ముందు లిఫ్టు ఆగుతుంది. తర్వాత వాచ్‌మన్ పోతాడు. జహీరాబాద్ నుంచి లిఫ్టు మెకానిక్‌ను పిలిపిస్తే రావడానికి ఒక రేటు, చూడడానికి ఒక రేటు. నాలుగో అంతస్తులో మోకాళ్ళ నొప్పులతో అత్తగారుంటే ఆ ఇంటివాళ్ళకు అప్పుడు తెలుస్తుంది.

నీళ్ళ సంగతి దీనికన్నా లోతు. కోహీర్, జహీరాబాద్, బీదర్ వైపంతా ఎర్రరాతి పీఠభూమి. రాయంతా చిల్లులే, వాన పడితే గటగటా తాగేస్తుంది. ఆ గుణం తెలిసే బహమనీల కాలంలో బీదర్ దగ్గర నౌబాద్‌లో నేల కింద సొరంగాలు తొలిచి, వరసగా బావులు దింపి, కరేజ్ అనే నీటి దారి కట్టారు. వందల ఏళ్ళ తర్వాత కూడా చూడడానికి మనుషులు వస్తున్నారు. ఆ రాయి మంచి నీటిని ఎంత తొందరగా లోపలికి తీసుకుంటుందో మురుగును కూడా అంతే తొందరగా తీసుకుంటుంది. మా మండలంలోని దిగ్వాల్ దీనికి సాక్షి. మందుల ఫ్యాక్టరీ వల్ల అక్కడి భూగర్భ జలం చెడిందని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఎనిమిది కోట్లకు పైగా కట్టమంది. చెడిన నీళ్ళకు ఆ డబ్బు ఏం చేస్తుందో నాకు తెలియదు గానీ, నేల ఎలాంటిదో ఆ తీర్పుతో అందరికీ తెలిసింది.

ఊళ్ళో ఇల్లిల్లూ ఎడంగా ఉంటుంది, ఎవరి గుంత వాళ్ళది. అపార్ట్‌మెంట్లో ఇరవై ఇళ్ళ స్నానాలు, ఇరవై ఇళ్ళ లెట్రిన్లు ఒకేచోటికి దిగుతాయి. వాటిని తీసుకుపోయే పైపులు మా వీధుల కింద లేవు. బిల్డరు సెప్టిక్ ట్యాంకు కడతాడు. అది నిండితే ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు తీసుకెళ్ళి ఎక్కడ పోస్తుంది? చీకటి పడ్డాక ఏ ఒర్రెలోనో, ఎవరూ చూడని పడావు పొలంలోనో. అదే బిల్డింగు వెనక బోరు, ఆ బోరుకు అవతల జామతోట. అమ్మేవాడు బోరు ఎన్ని ఫీట్లు వేశాడో అడక్కుండానే చెప్తాడు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడ, ఎంత పెద్దది, బోరుకు ఎంత దూరం అని మా బిడ్డ అడిగితే "అదంతా ఇంజినీర్ సార్ చూసుకుంటరు మేడం" అన్నాడట.

కాగితాల గురించి తొందరగా చెప్పి ముందుకెళ్తాను, ఇవి ఇప్పుడు చాలామందికి తెలుసు. జాగా ఐదొందల చదరపు మీటర్లు దాటి, ఫ్లాట్లు కూడా ఎనిమిది దాటితే రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు. ఐదొందల చదరపు మీటర్లంటే 598 గజాలు. ఆ గీత కింద ఆగేలా జాగాను రెండు ముక్కలు చేసి రెండు బిల్డింగులని చూపేవాళ్ళుంటారు, పక్కపక్కన ఒకేలాంటి రెండు గేట్లు కనిపిస్తే ఎందుకో అడగాలి. రెరా కిందికొచ్చిన ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. నాలా కన్వర్షన్ కాగితం ఉండాలి, అంటే వ్యవసాయ భూమి ఇంటి జాగాగా మారిందనే ఆర్డరు. పాత పంచాయతీ అనుమతి చూపి అంతస్తులు పెంచిన బిల్డింగులు పటాన్‌చెరు, అమీన్‌పూర్ వైపు ఎన్నో చూశాం. కోహీర్ కొత్త మున్సిపాలిటీ కాబట్టి ఆ పాత తేదీల కాగితాలు ఇక్కడ కూడా బయటికి వస్తాయి. తేదీ చూడండి.

కాగితాలన్నీ సరిగా ఉన్నా నా అభ్యంతరం మిగిలే ఉంటుంది. రెరా బిల్డరును కట్టిపడేస్తుంది. కొన్నవాళ్ళు అందులో కాపురం ఉండాలని ఏ చట్టమూ చెప్పదు.

మా జిల్లాకు పల్లె నడుమ అపార్ట్‌మెంట్లు కొత్తేమీ కాదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీతోపాటే టౌన్‌షిప్ వచ్చింది. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చినప్పుడు చుట్టూ పొలాలే, చిన్నచిన్న ఊళ్ళే. అయినా క్వార్టర్లు కట్టారు, బడి పెట్టారు, దవాఖానా పెట్టారు. బెంగాల్ మనిషీ ఒడిశా మనిషీ సదాశివపేట మనిషీ ఒకే మెట్లెక్కారు. క్వార్టర్ ఇచ్చేముందు ఎవరి వాడకట్టు ఏదని అడగలేదు, గ్రేడు అడిగారు. అదీ ఒక రకం వర్ణవ్యవస్థేననుకోండి, కానీ దాంట్లో ప్రమోషన్ ఉంది. క్వార్టర్ ఎవరి సొత్తూ కాదు. కొలువున్నంతకాలం ఉంటారు, పోయేటప్పుడు తాళం ఇచ్చి పోతారు, తర్వాత ఇంకొకరు వస్తారు. లిఫ్టు, మోటారు, మురుగు అన్నీ ఒకే యజమాని బాధ్యత.

ఆ పద్ధతి ఎందుకు వదిలేశాం? కొత్త పారిశ్రామిక నగరం గురించి చెప్పేటప్పుడు పనిచోటికి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఇళ్ళంటున్నారు. మంచిదే. ఆ ఇళ్ళు ఎవరు కడతారు, ఎవరి పేరున ఉంటాయన్నదే తేలాలి. బిల్డరు కట్టి పెట్టుబడిదారుకు అమ్మితే యుజావా అవుతుంది. 1980లలో ఆల్విన్ నిస్సాన్ పేరుతో జహీరాబాద్‌లో బండ్ల ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత అది మహీంద్రాది అయింది, పక్కనే ట్రాక్టర్ల ప్లాంటు కూడా వచ్చింది. ఇన్నేళ్ళలో ఆ కార్మికుల్లో ఎక్కువమంది జహీరాబాద్ గల్లీల్లో ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుని బతికారు. బ్యాచిలర్లకు ఇల్లివ్వబోమని బోర్డు పెట్టిన గుమ్మాల ముందు నుంచే షిఫ్టుకు వెళ్ళొచ్చారు.

2024లో కేంద్రం ఒప్పుకున్న రెండో విడత పట్టణ ఆవాస్ యోజనలో అద్దె ఇళ్ళకు విడిగా ఒక భాగముంది, పని చేసే ఆడవాళ్ళకూ, పరిశ్రమల కార్మికులకూ. మున్సిపాలిటీ అయిన ఊరు దాన్ని అడగొచ్చు. కోహీర్ అడగాలి. ఇందిరమ్మ ఇళ్ళ పథకం సొంత జాగా ఉన్నవాళ్ళకు ఐదు లక్షలిస్తుంది, ఊరివాళ్ళకు అది సరిపోతుంది. ఊరికి వచ్చినవాళ్ళ కోసం మూడంతస్తుల బిల్డింగు ఒకటి, ముప్ఫై రెండు చిన్న ఇళ్ళు, కింద ముసలివాళ్ళున్న కుటుంబాలకు, పైన మిగతావాళ్ళకు, మురుగు శుద్ధి చేసే చిన్న ప్లాంటుతో సహా మున్సిపాలిటీ పేరున కట్టి అద్దెకివ్వమని నేను అడుగుతున్నాను. అద్దెకిచ్చేటప్పుడు ఉద్యోగం కాగితం ఒక్కటే చూడాలి. ప్రైవేటు బిల్డింగుకు అనుమతి ఇచ్చేటప్పుడు మురుగు ఎక్కడికి పోతుందో గీసి చూపించే దాకా సంతకం పెట్టొద్దని కూడా అడుగుతున్నాను. కమిషనర్ గారికి ఇది చిన్న పని. కౌన్సిలర్ల విషయం చెప్పలేను, మా దగ్గర జాగా ఉన్నవాళ్ళే నిలబడతారు, జాగా ఉన్నవాళ్ళే బిల్డర్లతో మాట్లాడతారు.

మా బిడ్డ, అల్లుడు మొన్న ఆదివారం మళ్ళీ ఆ సైటుకు వెళ్ళొచ్చారు. నేనొక్క ప్రశ్న రాసిచ్చాను. ఇప్పటిదాకా ఎన్ని బుక్కయ్యాయి, అందులో ఎంతమంది వచ్చి ఉంటారు? పదమూడు బుక్కయ్యాయట. "అందరూ హైదరాబాదోళ్ళే మేడం, మంచి క్లాసు. ఎవరూ ఉండరు, డిస్టర్బెన్సే ఉండదు" అని చెప్పాడట అబ్బాయి ఎంతో సంతోషంగా.

"ఎట్ల చేద్దాం పెద్దమ్మా?" అంది ఫోన్లో.

"కొనకు బిడ్డా. బిల్డింగు లేవనీ. పదమూడు మంది తాళాలు పట్టుకుని కిరాయిదారు కోసం చూస్తుంటరు కద, అప్పుడు పొయ్యి నువ్వే బేరమాడు. రెండో అంతస్తు దాటి పోకు, లిఫ్టును నమ్మకు. కిరాయి అగ్రిమెంట్ల మెయింటెనెన్స్ ఓనరే కట్టాలని రాయించు."

"మరి పదేండ్లయినంక మనకు సొంతిల్లు?"

"బడి రోడ్డు మీద మూడు వందల గజాలు చూసి పెట్టిన. రేపు ఈసీ తీపిస్త."